చింతగింజల గంజి తాగిన కారు

ఆ రోజుల్లో ఒక వస్తువు కొనాలంటే బస్సెక్కి పోయి, అంగడివాని ముఖం చూసి, వాడు చెప్పే అబద్ధం మన చెవులతో మనమే విని మోసపోవాల్సి ఉండేది. ఇప్పుడు ఆ కష్టం లేదు. మంచం మీద పండుకొని, ఫోన్లో వస్తువు కింద జనమిచ్చిన నక్షత్రాలు చూసుకొంటా మోసపోవచ్చు. మొన్న ఆదివారం అట్లే పండుకొని చూస్తా ఉంటే, పాత కార్ల తుప్పు ఇంటి దగ్గరే గీకేదానికి ఇసుక చిమ్మే మిషన్లు, అన్నీ తక్కువ ధరవి, వరసగా వచ్చినాయి. ఒకదాని కింద 'ఏ కంప్రెసర్‌కైనా సరిపోతుంది' అని రాసుండింది. ఆ ఒక్క మాట చదివేసరికి ఇరవై ఏండ్ల కిందటి కోపం నాకు అరికాలి నుంచి నడినెత్తికి ఎక్కింది. ఫోను గోడకేసి కొడదామని చెయ్యెత్తినా. (కొత్త ఫోను. గోడకేసి కొట్టలేదు, దిండుకేసి కొట్టినా.) ఎందుకంటే అదే మాట, ఒక్క అక్షరం పొల్లు పోకుండా, తమిళనాడులో మా ధర్మపురి టౌన్లో ఒక మహానుభావుడు నాతో చెప్పినాడు. ఆ మాట నమ్మినందుకే మా కారు గంజి తాగింది. మా నాయిన ముఖాన్ని ఒక గొడ్డు నాకింది. రెండూ నా కండ్లతో చూసినా.

నేను చెప్పేదాంట్లో సగం కల్పన అని మా ఊళ్ళో ఒక పేరుంది. ఆ పేరు పెట్టింది మా బావ, వాడు చెప్పేది పూర్తిగా కల్పన, కాబట్టి మీరు దాన్ని పట్టించుకోవద్దు. ఇంత ధైర్యంగా రాసేదానికి ఇంకొక కారణం కూడా ఉంది. మా ఇంట్లో అందరూ తెలుగే మాట్లాడతారు, ఒక్కరికీ తెలుగు చదివేది రాదు. తాతల కాలం నుంచి మావన్నీ తమిళ బళ్ళే. నేనొక్కడినే కుప్పం పక్క కొన్నేండ్లు ఉద్యోగం చేసి, బస్సుల బోర్డులు చూసి అక్షరాలు నేర్చుకొన్నా. కాబట్టి ఇక్కడ మా నాయిన్నీ మా బావనీ నేను ఎంత తిట్టినా, ఆ తిట్టు మీ దగ్గరే భద్రంగా ఉంటుంది.

మా కారు పేరు బర్రె. నల్లగా, గుండ్రంగా, పెద్ద పెద్ద కండ్లతో, ఎక్కడ నిలిపితే అక్కడే కదలకుండా నిలబడి దారిన పొయ్యేవాళ్ళని చూస్తా ఉండేది గనక ఆ పేరు. మాది పాపిరెడ్డిపట్టి పక్క పల్లె. మా తాత చింతపండు వ్యాపారం చేసేవాడు. కాపు బాగా వచ్చిన ఒక ఏడాది, సేలంలో ఎవరో డాక్టరు వాడి వదిలేసిన కారును కొనుక్కొచ్చినాడు. మా పక్క ఆడి నెల, అంటే తమిళ లెక్కలో ఆషాఢం, పద్దెనిమిదో నాడు ఏటికి పోయి, తలకు పోసుకొని, నీళ్ళకి పూజ చేసేది ఆచారం. ప్రతి ఏడాదీ ఆ పొద్దు తాత మా అవ్వను వెనక సీట్లో కూర్చోబెట్టుకొని, ధర్మపురి మీద హొగేనకల్ పోయి, కావేరిలో ముంచి తెచ్చేవాడు. (అవ్వను. కారును కాదు.) తాత పోయినాంక బర్రెను షెడ్డులో పెట్టి తలుపేసినారు. మా బావ నెలకొకసారి వచ్చి ఇంజను తిప్పి చూసి పోతా ఉండె గనక లోపల బాగానే ఉండింది. పైన మటుకు తుప్పు. చిన్నాచితకా తుప్పు కాదు, చెయ్యి పెడితే ఎర్రగా పిండి రాలేది.

ఇట్లుండగా మా నాయినకు పట్టుపురుగుల పిచ్చి పట్టింది. పురుగులు పెంచేదానికి నీడ కావాల, గాలి కావాల, అవి రెండూ ఉండేది కారు షెడ్డులోనే. ఒకనాడు పొద్దున్నే నడవలో నిలబడి, ఎవరినీ చూడకుండా, దూలంతో చెప్పినట్టు చెప్పినాడు.

"షెడ్డు ఖాళీ కావాల. పాత ఇనుపాయనకి చెప్పేసినా. ఆడి పద్దెనిమిదో నాడు పొద్దున బండి తెచ్చి, తూకమేసుకొని తీసుకొని పోతాడు."

"పండగ పొద్దా?" అనింది అవ్వ, రాగులు చెరుగుతా చెరుగుతా చేట ఆపి.

"ఆయనకేం పండగ? ఇనుముకేం పండగ?"

"సెరి, తీసుకొని పోనీ. దానికి ముందు నన్ను ఒక్కసారి దాంట్లో ఏటికి తీసుకొని పో. మీ నాయిన పోయినాంక నేను ఏటి మొగమే చూడలేదు."

"ఆ తుప్పు డబ్బాలో నిన్ను కూర్చోబెట్టుకొని ధర్మపురి మీద పోవాల్నా? దారి పొడుగునా మన చుట్టాలే! నా మానం ఏం కావాల? కావాలంటే బస్సులో పో."

"బస్సులో పొయ్యేది ఏటికి. నేను పోవాలన్నది కారులో," అని అవ్వ మళ్ళా చేట ఆడించింది.

నాకు ఒళ్ళు మండింది. అప్పుడు నాకు ఇరవై మూడో ఇరవై నాలుగో. డిప్లొమా చదివి, ఉద్యోగం రాక, రోజుకు మూడు పూటలా తిని, నాలుగు పూటలా తిట్లు పడే వయసు. "తుప్పు పోతే?" అని అడిగినా. మా నాయిన నన్ను కిందికీ మీదికీ చూసి, "తుప్పు పోతే నేనే దండ తెచ్చి దాని మెళ్ళో వేసి, ముందు సీట్లో కూర్చొంటా. పోదు కదా," అన్నాడు. ఆ 'పోదు కదా'లో ఒక నవ్వుండె చూడండి, ఆ నవ్వుకే నేను బర్రెను బాగు చెయ్యాలని పంతం పట్టినా. అవ్వ మీద ప్రేమ కూడా ఉండె, కాదనను. కానీ ప్రేమకంటే కోపం మనిషిని పొద్దున్నే నిద్ర లేపుతుంది.

వైరు బ్రష్షు తీసుకొని గీకినా. ఉప్పుకాయితం తీసుకొని రుద్దినా. వారం రుద్దితే ఒక తలుపులో అరచేయంత తెలుపు కనిపించింది, నా అరచేతిలో తోలు పోయింది. ఊళ్ళో సలహాలు మటుకు తీరిక లేకుండా వచ్చినాయి. ఒకాయన కిరసనాయిలు పుయ్యమన్నాడు, ఒకామె పుల్లటి మజ్జిగ పుయ్యమనింది, ఒక పెద్దమనిషి "తుప్పు మీదే రంగు కొట్టెయ్, లోపలుండేది ఎవునికి తెలుస్తుంది?" అన్నాడు. (ఆయన ఆనక పంచాయతీ మెంబరయినాడు.) చివరికి ధర్మపురిలో బ్రౌజింగ్ సెంటరుకు పోయి చూసినా. అక్కడ బొమ్మల్లో ఒక తెల్లాయన, తలకు గుడారం మాదిరి ముసుగేసుకొని, తుపాకీలాంటిది పట్టుకొని చిమ్ముతా ఉన్నాడు. తుప్పు పొగ మాదిరి లేచిపోతా ఉంది, కింద రేకు తోమిన గిన్నె మాదిరి మెరుస్తా ఉంది. ఒక కారు మొత్తం ఒక్క పూటలో. నా కండ్లల్లో నీళ్ళు తిరిగినాయి. ఆ కిందనే, కొన్నిసార్లు ఇసుక బదులు అక్రోటు చిప్పల పొడి కూడా వాడతారని రాసుండింది. ఆ మాట అప్పుడు సుమ్మా, ఊరికే చదివి వదిలేసినా. అది పాము గుడ్డు మాదిరి నా బుర్రలో పడుకొని ఉండె.

ఇంక ఆ మహానుభావుడు. టౌన్లో మిషన్ల అంగడి. ఆయన పేరేమో నాకు తెలీదు, ఏ మాటకైనా చివర 'గ్యారంటీ' అంటాడు గనక ఊరంతా గ్యారంటీ అనే పిలిచేది. నా పని చెప్తే మూడు మిషన్లు తెచ్చి బల్ల మీద పెట్టినాడు. ఒకటి మూత బిగించే పెద్ద ఇనుప కుండ, గాలితో ఇసుకను ఒత్తి తోసేది. ఒకటి బక్కెట్లో నుంచి గొట్టంతో ఇసుకను పీల్చుకొని చిమ్మేది. మూడోది తుపాకీ, దాని నెత్తిన ఒక టీ గ్లాసంత డబ్బా, అంతే.

"తంబీ, ఇది మోటరు సైకిలు ధర. ఇది సైకిలు ధర. ఇది సైకిలు బెల్లు ధర. నీకేది?"

నేను బెల్లు వైపు చూసినా. నా జేబు కూడా అటే చూసింది. "దీనికి గాలి ఎంత కావాల?" అని తెలివిగా అడిగినా.

"గాలి దేవుడిచ్చేది తంబీ. దానికి లెక్కేముంది?"

"మా బావకి ఏ. పళ్ళిపట్టి కూడలిలో పంచరు అంగడి ఉంది. వాని కంప్రెసర్ సరిపోతుందా?"

"ఏ కంప్రెసర్‌కైనా సరిపోతుంది. గ్యారంటీ."

(పాఠకులారా, ఇక్కడ ఆగి నాతోబాటు ఒక్కసారి పండ్లు కొరకండి.)

బల్ల మీద పక్కన ఒక చిన్న గాజు గిన్నె ఉండె, రెండు పక్కలా గొట్టం బిగించేదానికి మరలతో. అదేందని అడిగితే, "గాలిలో వచ్చే నీళ్ళు పట్టేది. అది వేరే దుడ్లు," అన్నాడు. గాలిలో నీళ్ళేంది అన్నా. ఆయన పెద్దగా నవ్వి, "అదే కదా! అది కేరళావోళ్ళకి తంబీ, నీకొద్దు. మన ధర్మపురిలో తాగేదానికే నీళ్ళు లేవు, గాలిలో యాడ నుంచి వస్తాయి?" అన్నాడు. నాకు ఆ తర్కం ఎంత నచ్చిందంటే, నేనూ ఆయనతోబాటు నవ్వినా. మా జిల్లాలో పుట్టిన ఏ మనిషైనా ఆ మాటకు పడిపోతాడు. బోరు వేస్తే దుమ్ము వచ్చే ఊళ్ళో, గాలిని పిండితే నీళ్ళొస్తాయంటే ఎవరు నమ్ముతారు? ఆ గిన్నె వద్దని నేనే పక్కకు తోసేసినా. ఇప్పటికీ ఆ తోసిన చేతిని చూస్తే నాకు కోపమొస్తుంది. అదే చేత్తో అన్నం తినాల్సొస్తుంది కదా అని వదిలేస్తా.

మా బావ అంటే మా మేనమామ కొడుకు. లోకంలో వానికి తెలియనిది లేదు, ఒక్క 'తెలీదు' అనే మాట తప్ప. కంప్రెసర్‌ను ట్రాక్టరులో వేసుకొని వచ్చి దించినాడు. "బామ్మర్దీ, ఇది లారీ టైరుకే గాలి కొడుతుంది. నీ బర్రె ఒక లెక్కా?" అన్నాడు. ఇసుక జల్లెడ పట్టి డబ్బాలో పోసి, గన్ను పట్టుకొని మీట నొక్కినా. బుస్ అనింది! తలుపు మీద రూపాయి బిళ్ళంత మెరిసింది. మళ్ళీ నొక్కితే ఉస్ అనింది. మూడోసారి ఏమీ అనలేదు. తుమ్మినంత సేపట్లో కంప్రెసర్ కడుపు ఖాళీ. అది డుగ్ డుగ్ డుగ్ అని మళ్ళా ఊపిరి నింపుకొనేలోపల మేము ఒక టీ తాగి, ఒక గొడవ పెట్టుకొని, మళ్ళా రాజీ పడే టైముండేది. లారీ టైరుకు గాలి నింపేది వేరే, ఆపకుండా గాలి పొయ్యేది వేరే అని, ఎంత గట్టిగా కొడుతుందో కాదు ఎంత సేపు కొడుతుందో చూసి కొనాలని, ఇప్పుడైతే నేను నిద్రలో కూడా చెప్తా. అప్పుడు ఎవరు చెప్పినారు? గ్యారంటీ చెప్పినాడా? బావ చెప్పినాడా? వాడు కంప్రెసర్‌ను తట్టి, "అలిసిపోయింది పాపం, దారిలో గుంతలు," అన్నాడు.

దానికి తోడు ఇసుక దుమ్ము లేచి ఇల్లంతా కమ్ముకొంది. అవ్వ కొంగు ముక్కుకడ్డం పెట్టుకొని బయటికొచ్చి, నా చేతిలో గన్ను లాక్కొని, "ఆపు రా! క్వారీలో రాళ్ళు కొట్టేదానికి పోయినోళ్ళు ఎట్లా దగ్గి దగ్గి పోయినారో నువ్వు చూడలేదా? కారు బాగుపడి నువ్వు తుప్పు పడతావా?" అని అరిచింది. ఆ మాట నిజం. మా ముఖాలకు కట్టుకొన్నది తువ్వాలలే. ఇసుక ఆ పొద్దుతో ఆగిపోయింది. అప్పుడు నా బుర్రలో పాము గుడ్డు పగిలింది. అక్రోటు చిప్పల పొడి! అక్రోటు మా పక్క ఎవరూ చూసింది లేదు. కానీ చిప్ప మాదిరి గట్టిగా ఉండి, కొరికితే పన్ను విరిగేది, మా ఇంట్లో మూటలు మూటలుగా ఊరికే పడుండేది ఒకటుంది. చింతగింజలు! తాత వ్యాపారం పోయినా గింజల మూటలు అటక మీద అట్లే ఉండె. నా తెలివికి నేనే మురిసిపోయినా. బావ కూడా, "నేను అదే చెప్దామనుకొన్నా," అన్నాడు.

గింజలు వేయించి, రాగులాడించే మిల్లుకు ఎత్తుకొని పోయినాం. మిల్లాయన ఒక పిడికెడు చేతిలోకి తీసుకొని చూసి మా ఇద్దరినీ తిట్టిన తిట్లు నేను తెలుగులో రాయలేను. (తమిళంలో తిట్టినాడు. ఆ అందం మన భాషలోకి రాదు.) అయినా రవ్వ మాదిరి ఆడించి ఇచ్చినాడు. మూటలు దించుతా ఉంటే అవ్వ చూసి, "ఏం రా, ఎంతమందికి కంబళ్ళు నేయిస్తావు?" అని అడిగింది. ఎగతాళి చేస్తా ఉందనుకొని నేను ఇంకొక మూట దించినా. ముసలామె ఎందుకు కంబళి మాటెత్తిందని ఒక్క నిమిషం నిలబడి అడిగుంటే ఈ కథే ఉండదు. కంబళ్ళు నేసేవాళ్ళు ఉన్నికి గంజి పెట్టేది చింతగింజల పిండి ఉడికించేనని మా ఊళ్ళో మేకపిల్లకు కూడా తెలుసు. డిప్లొమా చదివినోళ్ళకీ పంచరంగడోళ్ళకీ మటుకు ఆ పొద్దు గుర్తుకు రాలేదు.

ఆడి పద్దెనిమిది ఇంక నాలుగు రోజులుండగా, ముసురు పట్టి వెలిసిన ఒక పొద్దున బర్రెను కళ్ళంలోకి తోసి, కిటికీల అద్దాలకూ ముందు అద్దానికీ గోనెలు కట్టి, పని మొదలుపెట్టినాం. గాలి చాలడంలేదని బావ తెల్లవారినప్పటి నుంచి కంప్రెసర్ ఆపకుండా తిప్పుతానే ఉండె. ట్యాంకు ముట్టుకొంటే కాలుతా ఉండె. మొదట పొడి రవ్వ బాగానే చిమ్మింది, బానెట్టు మీద జానెడు తెల్లబడింది, మేమిద్దరం చేతులు పట్టుకొని ఎగిరినాం. తర్వాత గన్ను ఒకసారి దగ్గింది. కక్కినట్టు ఒక గోధుమ రంగు ముద్ద వచ్చి తలుపుకు తగిలి, మెల్లగా జారింది. బావ దాన్ని వేలితో తీసి, ఎండకు ఎత్తి చూసి, పెద్ద డాక్టరు మాదిరి తల ఊపినాడు.

"బామ్మర్దీ! తుప్పు కరిగి కారతా ఉంది చూడు!"

రంగు చూస్తే అట్లే ఉండె. నేను నమ్మినా. నమ్మడమేంది, ఆనందంతో పూనకమొచ్చినట్టు బర్రె చుట్టూ తిరిగి, ముందూ వెనకా, పైనా కిందా, ఒక్క మూల వదలకుండా కొట్టినా. మా నాయిన కూడా వచ్చి గట్టు మీద నిలబడి చూసినాడు. 'పోదు కదా' అన్న నోరు మూసుకొని ఉండె, అది చూసి నేను ఇంకొక డబ్బా కొట్టినా. గాలిని గట్టిగా కూర్చి బిగిస్తే ట్యాంకులో చెమట పడుతుందని, ఆ వేడి చెమటే గొట్టంలో పొయ్యి గన్నులో రవ్వను గంజి చేస్తా ఉందని, గ్యారంటీ బల్ల మీద నేను పక్కకు తోసేసిన గిన్నె ఆ చెమట పట్టేదానికేనని నాకెట్లా తెలుస్తుంది?

ఆడి గాలికి అమ్మిరాయి, అదే మసాలా నూరే రాయి, కూడా ఎగురుతుందని మా పక్క సామెత. ఆ పొద్దు మిట్టమధ్యాన్నం ఆ గాలి లేచింది. కళ్ళంలో పక్కనే బావి కింద పంట రాగిపొట్టు కొండంత పోసి ఉండె. ఆ కొండ అట్లే లేచి, ఒక్క ఊపున వచ్చి బర్రె మీద కూర్చొంది. నేను కండ్లు నలుపుకొని చూసేలోపల కారు లేదు. కారంత ఎత్తున, కండ్లు మటుకు కనిపించే, ఒళ్ళంతా బొచ్చు మొలిచిన ఒక మృగముంది. ఎండ కాసింది, గంజి బిగిసింది. ఊరి కుక్కలు దూరం నుంచి మొరిగినాయి, దగ్గరికి రాలేదు.

"రేయ్!" అన్నాడు మా నాయిన. ఆ 'రేయ్' వత్తల్‌మలై కొండకు తగిలి తిరిగొచ్చిందని నేనంటే మీరు నమ్మరు, కానీ వచ్చింది. "కారును బాగుచేస్తానని దానికి బొచ్చు మొలిపించినావే నా కొడకా! ఇనుపాయనకి ఏం చెప్పేది? ఊరికేం చెప్పేది?"

అవ్వ చేట పక్కన పెట్టి నెమ్మదిగా వచ్చి, ఒక వేలితో పొట్టును పొడిచి చూసింది. "మంచి గంజే," అనింది. "నేనడిగినా కదా కంబళ్ళా అని."

ఆ మూడు రోజులూ ఎట్లా గడిచినాయో అడగద్దు. గీకితే కత్తి జారింది. నీళ్ళు పోస్తే జిగురై, చెయ్యి పెడితే చెయ్యి అంటుకొనింది. బావని పట్టుకొని వాని కంప్రెసర్ వల్లే అని అరిస్తే, "నా పెండ్లాన్ని ఏమన్నా అను, నా కంప్రెసర్‌ని అనద్దు!" అని వాడు నామీదికి తిరగబడినాడు. ఆ కోపంతోనే బస్సెక్కి ధర్మపురి పోయి, గన్నును గ్యారంటీ బల్ల మీద కొట్టినా. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "మిషన్ పనిచేసింది కదా తంబీ? గంజి బాగా కొట్టింది కదా? గ్యారంటీ మిషన్‌కే, గింజకి కాదు," అన్నాడు. మాట రానంత కోపం జీవితంలో నాకు వచ్చింది అదొక్కసారే, అందుకే ఇంత పొడుగ్గా ఇప్పుడు రాస్తా ఉన్నా.

ఆడి పద్దెనిమిది తెల్లవారింది. పాత ఇనుపాయన చిన్న లారీ వేసుకొని, తక్కెడ తీసుకొని, చెప్పిన టైముకు వచ్చినాడు. నేను గోడకు ఆనుకొని నిలబడినా. అవ్వ అడిగింది ఒక్కటే ఒక్కటి, అదీ నా చేత కాలేదు. ఇనుపాయన బర్రె చుట్టూ ఒకసారి నడిచినాడు. వేలు మడిచి కొట్టినాడు. ఇనుము మోగే చోట 'దబ్' అనింది.

"ఏం సామీ ఇది? కారా, గడ్డివామా?"

"కారే. లోపలంతా ఇనుమే. తూకమెయ్యి," అన్నాడు మా నాయిన.

"పొట్టు, గంజి అన్నీ కలిపి తూకమేసి, దానికి నేను ఇనుము ధర ఇయ్యాల్నా? బాగుందే! కరిగించే చోట ఈ కంపు పెడితే నన్ను లోపలికే రానియ్యరు. ముందర కడిగి పెట్టు, వస్తా."

"పాత ఇనుము కొనేవానికి ఇన్ని షోకులా?"

"పాత ఇనుముకీ ఒక మర్యాదుంది సామీ!" అని ఆయన మా నాయినకంటే గట్టిగా అరిచి, తక్కెడ లారీలో పడేసుకొని పోయినాడు. మా నాయిన ఆ లారీ పోయిన దుమ్మును తిట్టినాడు. నన్ను తిట్టేదానికి ఇటు తిరిగి చూస్తే, బర్రె వెనక తలుపు తెరిచుంది. లోపల అవ్వ, జరీ అంచు చీర కట్టుకొని, ఒళ్ళో పసుపూ కుంకుమ బుట్ట, పక్కన చింతపండన్నం మూట పెట్టుకొని, కాళ్ళు చాపుకొని కూర్చొని ఉంది.

"వాడెట్లాగూ తీసుకొని పోలేదు. మనం పోదాం పా," అనింది.

"అమ్మా! దీంట్లోనా? ఈ బొచ్చుతోనా?"

"తుప్పుంటే నీ మానం పోతుందంటివి. తుప్పు యాడుంది చూపించు?"

నిజమే. తుప్పనేది ఎక్కడా కనిపించలేదు. మా నాయిన తలకు తువ్వాలు ముఖం కనిపించకుండా చుట్టుకొని, ముందు సీట్లో దబ్బున కూర్చొన్నాడు. నేను స్టీరింగు పట్టుకొన్నా. ఒక్క తిప్పుకే ఇంజను లేచింది. (బావకు నేనిచ్చే మర్యాద ఈ ఒక్క వాక్యమే.)

ధర్మపురి దాటేంతవరకూ మా నాయిన తల ఎత్తలేదు. బస్సుల్లో జనం కిటికీలకు వేలాడి చూసినారు. ఇంటినుంచి పెన్నాగరం దాకా రాగిపొట్టు రాలుతా వచ్చింది గానీ గంజి మటుకు కదల్లేదు. పెన్నాగరం దాటినాంక పండగ జనం ఎక్కువై బండ్లు బారులు తీరి నిలబడిపోయినాయి. మా కుడిపక్కకు ఒక లారీ ఒరుసుకొని నిలబడింది. ఎడమపక్క రోడ్డు వారన ఎవరో ఆవులూ బర్రెలూ ఒక మందను తోలుకొని పోతా ఉండె. ముందు ఒక ముసలి బర్రె ఆగింది. ముట్టె ఎత్తి వాసన పట్టింది. వేయించిన చింతగింజల గంజి, దాని మీద రాగిపొట్టు. గొడ్డుకు అంతకంటే విందు భోజనం ఏముంటుంది? నాలుక చాపి తలుపును ఒక్క నాకు నాకింది. నా చెవిలో గరగరమని వినిపించింది. దాని వెనక ఇంకొకటి. దాని వెనక మందంతా.

"రేయ్, తోలు రా! తోలు!"

"యాడికి తోలేది నాయినా? ముందర బండి, వెనక బండి, ఆ పక్క లారీ, ఈ పక్క బర్రెలు, మనం కూర్చొన్నదీ బర్రే!"

మా నాయిన పక్కన ఉండే అద్దం తాత కాలం నుంచీ పైకి లేవదు. ఒక తల లోపలికొచ్చి, తువ్వాలు లాగి నమిలి, ఆయన చెంపను గడ్డం నుంచి కణత దాకా శ్రద్ధగా నాకింది. ఆయన వేసిన కేకకు గొడ్లు బెదరలేదు గానీ గొడ్లాయన ఉరికొచ్చినాడు. "నా గొడ్లకి ఏం మందు పెట్టినావయ్యా? ఏం పూసినావు? ఒక్కటి కదలడంలేదే!" అని తమిళంలో అరిస్తే, మా నాయిన తలుపు తన్నుకొని దిగి, "నీ గొడ్లు నా కారును తింటా ఉంటే నువ్వు నన్నడుగుతావా?" అని అరిచినాడు. ఇద్దరూ రొమ్ములు తాకేటట్టు నిలబడి, పుట్టినప్పటి నుంచీ దాచిపెట్టుకొన్న కోపాలన్నీ ఒకరి మీద ఒకరు పోసుకొన్నారు. ఆ గొడవ జరిగినంతసేపూ గొడ్లు నాకతానే ఉండె. వెనక సీట్లో అవ్వ నోటికి కొంగడ్డం పెట్టుకొని, భుజాలు కదిలిపోతా నవ్వుతా ఉండె. ఆమె అట్లా నవ్వడం తాత పోయినాంక నేను చూసింది లేదు.

ముందర బండ్లు కదిలినాయి. గొడ్లాయన కట్టె తీసుకొని మందను మళ్ళించినాడు. మా నాయిన తలుపు దగ్గరికొచ్చి, తెరవబోయి, అట్లే నిలబడిపోయినాడు. ఎడమపక్క, ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా, గంజి లేదు, పొట్టు లేదు, గంజి పట్టుకొన్న తుప్పూ లేదు. రేకు, తోమిన గిన్నె మాదిరి మెరుస్తా ఉంది. దాంట్లో ఆయన ముఖం కనిపిస్తా ఉంది, ఒక చెంప ఎర్రగా. (గొడ్డు నాలుకకు తుప్పు పోతుందా అని అడిగేవాళ్ళు ఒక గొడ్డుకు చెంప ఇచ్చి చూడండి, ఆనక మాట్లాడదాం.)

ఏటిలో అవ్వ తలకు పోసుకొని, తడి చీరతో బండల మీద పూజ చేసింది. ఆ పొద్దు ముత్తైదువలు మెళ్ళో కొత్త పసుపు దారం కట్టుకొంటారు. తాత పోయినాంక ఆమె ఆ దారం ముట్టలేదు. పక్కన పూజ చేస్తా ఉండే ఒకామెను అడిగి ఒక దారం తీసుకొని, నేరుగా కారు దగ్గరికొచ్చి, నాకిన తలుపు పిడికి మూడు ముళ్ళు వేసి కట్టింది. తడి అరచెయ్యి ఆ రేకు మీద కొంతసేపు పెట్టి తీసింది. చెయ్యి గుర్తు ఎండకు మెల్లగా ఆరిపోయింది. మా నాయిన ఏటి వైపు తిరిగి ఎవరినో తిట్టాలని వెతుకుతా ఉన్నాడు, ఎవరూ దొరకలేదు. చివరికి నా పక్కకు వచ్చి, "సగం పోయింది. తక్కిన సగం ఎప్పుడు?" అన్నాడు.

పట్టుపురుగులకు వేరే షెడ్డు వేయించినాడు. వేయించినంతకాలం నన్ను తిడతానే వేయించినాడు. పురుగులు ఒక్క కాపుతో ఆగిపోయినాయి, తిట్లు ఇంకా సాగుతా ఉన్నాయి. అవ్వ ఆ తర్వాత ఇంకా కొన్ని ఆడి పద్దెనిమిదులు చూసింది, అన్నీ బర్రెలోనే. ఇప్పుడు ఆమె లేదు. బర్రె ఉంది. ఎడమపక్క నల్ల రంగు కొట్టించినా. కుడిపక్క మటుకు 'తక్కిన సగం' అట్లే ఉంది. పొట్టు ఎప్పుడో రాలిపోయింది, గంజి పోలేదు.

మొన్న ఆదివారం దిండుకేసి కొట్టిన ఫోను మళ్ళా తీసి చూసినా. ఇప్పుడు నాకు మోటరు సైకిలు ధరది కొనే శక్తి ఉంది. పెద్ద కంప్రెసర్, నీళ్ళు పట్టే గిన్నె, ముసుగు, దుమ్ము లేవని పొడి అన్నీ సరిగ్గా ఏరి, బుట్టలో వేసినా. డబ్బు కట్టే మీట మీద వేలు పెట్టి, తీసేసినా. ఇట్లా ఎన్నిసార్లు వేసి తీసినానో నా పెండ్లాం చెప్తుంది. చినుకు పడితే షెడ్డులో నుంచి వేయించిన చింతగింజల వాసన వస్తుంది. ఆ వాసనకు పక్కింటోళ్ళ ఆవు, మేత నుంచి ఇంటికి పొయ్యే దారిలో మా గేటు దగ్గర ఆగి, కమ్మీల సందులో నుంచి ముట్టె దూర్చి నిలబడుతుంది. నేను వాకిట్లోకి వచ్చి మా నాయిన గొంతుతోనే అరుస్తా. "పో! ఇదేమన్నా మీ అబ్బ సొత్తా?" అంటా. అది కదలదు, పెద్ద కండ్లతో నన్ను చూస్తా ఉంటుంది. అటూ ఇటూ చూసి, ఎవరూ లేరని తెలిసినాంక, పోయి గేటు తీస్తా.